దుబ్బు మొక్కలకు తొలకరి కాదు, పుబ్బ కార్తె అదను

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే పెరటి తోటల పేజీని మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది చదివి, అందులో చెప్పినట్టే చేస్తారు. అందుకే ఈ ఉత్తరం. ఈమధ్య హెలికోనియా, మెట్టతామర, అల్పీనియా, పసుపు వెదురు వంటి పెద్ద మొక్కల గురించి రాస్తూ రెండు మాటలు అన్నారు. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదని ఒకటి, తొలకరి పడగానే దుబ్బులు విడదీసి నాటుకోవాలని రెండోది. మొదటి మాట ఏ ఊరి పెరడుకూ నిజం కాదు. రెండోది మా జిల్లాలకు నష్టం చేసే సలహా.

తొలకరి లెక్క గోదావరి వైపు సరిపోతుంది. మృగశిర కార్తెలో అక్కడ నాలుగు వానలు పడి నేల చల్లబడుతుంది. ఇక్కడ ఆ రోజుల్లో ఇంకా పడమటి గాలి కొడుతూనే ఉంటుంది. ఒక జల్లు పడినా మర్నాటికి మళ్లీ అదే ఎండ. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాల వల్లే వస్తుంది. సింగరాయకొండ, ఒంగోలు, కొత్తపట్నం తీరానిదీ ఇంచుమించు ఇదే తీరు. దుబ్బు పగలదీసినప్పుడు పీచువేళ్లలో ఎక్కువ భాగం తెగిపోతాయి. కొత్తవి పుట్టి నేల పట్టడానికి మూడు నాలుగు వారాలు కావాలి. ఆ నాళ్లంతా ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది, కింద పీల్చడానికి వేరుండదు. ఆకులు వాడాయని రోజుకు రెండుపూటలా నీళ్లు పోస్తారు. దాంతో పైన ఆకు అంచుల నుంచి మాడుతుంది, కింద దుంప బురదలో మెత్తబడి కుళ్లుతుంది. నర్సరీవాడు చచ్చు మొక్క ఇచ్చాడని అంటారు గానీ, చాలాసార్లు తప్పు అదనుదే.

మాకు సరైన అదను పుబ్బ, ఉత్తర కార్తెలు. అంటే ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు నాలుగో వారం దాకా. ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, అడపాదడపా జల్లులుంటాయి, హస్త, చిత్తల్లో వాన ముదిరేసరికి మొక్క నిలదొక్కుకుని ఉంటుంది. అది తప్పిపోతే సంక్రాంతి వెళ్లాక, జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా ఇంకో అదను ఉంది. స్వాతి, విశాఖ కార్తెల్లో మాత్రం దుబ్బుల జోలికి వెళ్లకూడదు. అప్పుడు తవ్విన గుంతలో నీళ్లు నిలుస్తాయి, కోసిన దుంప గాయం ఆరదు, వాయుగుండం వస్తే వేరు పట్టని మొక్క ఒరిగిపోతుంది.

ఇక ఇవి ఎలా వ్యాపిస్తాయన్నది. నర్సరీలో ఆరంగుళాల సంచిలో ఒక కాడ, మూడు ఆకులతో ఉన్న మొక్కను చూసి ఎవరూ దాని రేపటి వెడల్పును ఊహించలేరు. మెట్టతామర, హెలికోనియా, దుంపరాష్ట్రం, అల్పీనియా, అరటి, వీటన్నిటి ప్రాణం నేలలో ఉన్న దుంపలోనే. ఒక దుంపను కడిగి చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చివర పాత కాడ ఊడిన గుండ్రని మచ్చ ఉంటుంది. ఒంటినిండా గోధుమరంగు పొలుసులు, ఉంగరాల్లాంటి కణుపులు. రెండో చివర, పక్కల్లో, బొటనవేలి గోరంత తెల్లని లేదా లేత గులాబి మొనలు కనిపిస్తాయి. అవే కన్నులు. కన్ను ఎటు చూస్తే దుబ్బు అటు నడుస్తుంది. గోడ పక్కన నాటేటప్పుడు కన్ను గోడ వైపు తిరిగి ఉంటే రెండో ఏటికి పిలకలన్నీ గోడను ఒరుసుకుంటూ లేస్తాయి. కన్ను తోట లోపలి వైపు ఉండేలా తిప్పి నాటడం ఒక్క నిమిషం పని. చాలామంది దుంపను ఎలా పడితే అలా గుంతలో వేసి మన్ను కప్పేస్తారు.

ఒక కన్ను పిలకై, ఆ పిలక మొదట్లో మళ్లీ రెండు కన్నులు వేస్తుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. చలిదేశాల్లో ఈ లెక్క ఏడాదికి ఒక మెట్టు జరిగితే, మన వేడికి, నీళ్లు అందితే మెట్టతామర ఏడాది పొడవునా ఆగకుండా మెట్లు ఎక్కుతుంది. స్నానాలగది నీళ్లు పారే చోట అయితే చెప్పనక్కర్లేదు. పెరుగుదల ఎప్పుడూ బయటి అంచునే. నడిమి దుంపలు ముదిరి, మన్నులో సత్తువ అయిపోయి, మధ్యలో బోలు పడుతుంది. పైనుంచి చూస్తే చుట్టూ పచ్చగా, నడుమ ఎండుకాడలతో దుబ్బు ఒక కడియంలా కనబడితే విడదీసే సమయం వచ్చినట్టే. ఎరువు వేస్తే బోలు పూడదు. యూరియా వేస్తే ఇంకా చెడుతుంది: ఆకు పెరిగి, అంచు ఇంకో అడుగు ముందుకు జరిగి, పూత తగ్గుతుంది.

అన్నీ ఒకే తీరుగా నడవవు, ఈ తేడా మీ పేజీలో ఎప్పుడూ రాదు. కిందికి జడలా వేలాడే ఎర్రపూల హెలికోనియా దగ్గరదగ్గరగా పిలకలు వేసి దుబ్బు కడుతుంది. ఆరేడు అడుగుల నుంచి పదడుగుల ఎత్తు పెరుగుతుంది. నీడా నీరూ దొరికితే ఐదేళ్లలో ఒక అంకణం నేల ఆక్రమిస్తుంది, మా నెల్లూరు లెక్కన అంటే 72 చదరపు అడుగులు. రెండు మూడు అడుగుల ఎత్తులో నారింజ పూలు పూసే పొట్టి హెలికోనియా చూడ్డానికి చిన్నదే కానీ అసలు పరుగు దానిదే. దాని దుంప సన్నగా, పొడుగ్గా సాగి, తల్లికి అడుగు, అడుగున్నర దూరంలో లేస్తుంది. పెద్దదాన్ని అదుపు చేయడం సులువు, చిన్నదాన్ని చేయడం కష్టం. అల్పీనియా ఐదు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు. నిమ్మగడ్డి మూడు నాలుగు అడుగుల దుబ్బుగా ఆగిపోతుంది. వట్టివేరు అసలు పక్కకు పాకదు, వేరు నిట్టనిలువునా లోతుకు దిగుతుంది. కట్టలకూ గట్లకూ దాన్ని నాటేది అందుకే. అరెకా పామ్ ఎనిమిదడుగుల వెడల్పు కోరుతుంది. విసనకర్రలా విచ్చుకునే ట్రావెలర్స్ పామ్ పాతిక అడుగులు దాటుతుంది, మట్టలు పన్నెండడుగులకు పైగా పరుచుకుంటాయి. దాన్ని గేటు పక్కన మూడడుగుల సందులో నాటిన ఇళ్లు నెల్లూరులో వీధికొకటి కనిపిస్తాయి.

దూరానికి లెక్క ఒకటే: పూర్తిగా పెరిగాక ఎంత వెడల్పో అందులో సగం, దానిపైన మనిషి నిలబడి కాడలు కోయడానికి ఒకటిన్నర అడుగు. గోడకు గానీ, సెప్టిక్ ట్యాంకుకు గానీ, నీళ్ల పైపుకు గానీ అంత ఎడం ఉండాలి. మొదటి రెండేళ్లు ఖాళీగా కనబడుతుందని మధ్యలో ఇంకో పెద్ద మొక్క పెట్టకండి. ఆ ఖాళీలో బంతి, గోంగూర, తోటకూర ఏదైనా వేసుకోవచ్చు.

పరుగెత్తే మొక్కకు నాటిన రోజే కంచె కట్టాలి, పాకిన తర్వాత కట్టాలంటే ఖర్చు నాలుగింతలు. మన దగ్గర దొరికేవాటిలో మేలైనది సిమెంటు వర. మూడడుగుల వ్యాసం, అడుగు ఎత్తు ఉన్నవి రెండు చాలు. అడుగుముప్పావు లోతు గుంత తీసి ఒకదానిమీద ఒకటి దింపితే మూడు అంగుళాలు నేలపైన నిలుస్తాయి. ఆ మూడు అంగుళాలూ ముఖ్యం, నేలమట్టంగా పూడిస్తే దుంప ఎండుగడ్డి కిందుగా అంచు దాటిపోతుంది. రెండు వరల మధ్య అతుకును సిమెంటుతో మూయాలి. వేలు పట్టే సందు చాలు పొట్టి హెలికోనియాకు. అడుగు మాత్రం తెరిచే ఉంచాలి. నేల గట్టిగా ఉంటుందని అడుగున కాంక్రీటు పోసేవాళ్లున్నారు, మొదటి తుఫానుకే లోపల నీళ్లు నిలిచి దుంపలన్నీ కుళ్లుతాయి. నల్లరేగడిలో ఇంకో జాగ్రత్త. వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే ఆ నేల వరల అతుకు పగలగొడుతుంది. కాబట్టి వర చుట్టూ మూడు అంగుళాల మందాన ఇసుక నింపాలి. వరలు దొరక్కపోతే అడుగు కోసేసిన పాత ప్లాస్టిక్ డ్రమ్ము, లేదా రెండడుగుల కడప బండలు నిలువునా పాతి అతుకులు మూసినా సరే. మెట్టతామర, హెలికోనియా, దుంపరాష్ట్రం దుంపలు ఎక్కువగా పైఅడుగు లోతులోనే తిరుగుతాయి, అందుకే రెండడుగుల కంచె వాటిని ఆపుతుంది. వరలో ఉన్న దుబ్బుకు మన్ను త్వరగా సత్తువ తగ్గుతుంది. బయట మూడేళ్లకు విడదీసేదాన్ని వరలో రెండేళ్లకే తీయాలి.

విడదీసే పని వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. తవ్వేందుకు రెండు రోజుల ముందు సాయంత్రం దుబ్బు చుట్టూ నీళ్లు నిండా పెట్టండి. రెండు రోజులకు నేల పదునుకు వస్తుంది, పిడికిట పట్టి నొక్కితే ముద్దవుతూ, వదిలితే విడిపోయే తీరు. ఒంగోలు నల్లనేలలో పదును లేకుండా గునపం వేస్తే దుంపలు పగులుతాయి, పదును మించితే పార ఎత్తలేరు. కావలి, మైపాడు వైపు ఇసుకలో ఈ బాధ లేదు. అక్కడ చేత్తో లాగినా దుబ్బు వస్తుంది, కాకపోతే తెగిన ముక్కలు ఇసుకలో ఉండిపోయి మళ్లీ మొలుస్తాయి, జల్లెడ పట్టినట్టు వెతకాలి. కనిగిరి, పొదిలి, ఉదయగిరి ఎర్ర గరుకు నేలల్లో దుంపలు పైపైనే ఉంటాయి, గునపం అడ్డంగా తోసి లేపవచ్చు.

కాడలను అడుగు ఎత్తున కోసేసి, దుబ్బుకు ఒక అడుగు ఎడంగా చుట్టూ కాలువ తీయండి. ఒక వైపు నుంచి గునపం కిందికి దూర్చి ఎత్తితే దుబ్బు కదులుతుంది. పెద్ద దుబ్బును మొత్తంగా లేపాలని చూడవద్దు, నడుములు పడిపోతాయి. నేలలో ఉండగానే రంపంతో నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కటీ తీయాలి. తీసిన ముక్కను కొళాయి కింద పెట్టి మన్నంతా కడిగేయండి. ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. మన పెరళ్లలో దుబ్బుల లోపల తుంగ గడ్డలు దాక్కుని ఉంటాయి, కడగకుండా నాటితే కొత్త చోటుకు తుంగను కూడా నాటినట్టే. స్నేహితులకు ఇచ్చే మొక్కయినా సరే, కడిగి ఇవ్వండి.

కడిగాక నడిమి ముదురు దుంపల్ని పక్కన పడేసి, అంచునున్న గట్టి దుంపల్ని మూడు కన్నులకు తగ్గకుండా ముక్కలు చేయాలి. కోస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమ చారలు, మెత్తదనం, పులిసిన వాసన ఉంటే ఆ భాగం దాటి కోయండి. ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు వెళ్లేటప్పుడు కత్తిని బట్టల బ్లీచు ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్ల కలుపులో ముంచి తుడవాలి. మెట్టతామర ఆకుల్లో ఈనెల వెంబడి పసుపు చారలు కనిపిస్తే అది చాలామటుకు వైరస్. దానికి మందు లేదు. ఆ దుబ్బును విడదీయకూడదు, ఎవరికీ పంచకూడదు, వేళ్లతో సహా తీసేయాలి. పిలకల పంపకంతోనే ఈ రోగం ఇంటింటికీ పాకుతుంది. రోగం లేని ముక్కల్ని లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులుమందు కలిపి పావుగంట నానబెట్టి, నీడలో ఒక రాత్రి ఆరనిచ్చి నాటండి. చేతులకు తొడుగులు వేసుకోవాలి.

అడుగున్నర పొడవూ వెడల్పూ లోతూ గుంతలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు కిలోలు, వేపపిండి పావుకిలో కలపాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు వస్తుంది. దుంపను మూడు నాలుగు అంగుళాల లోతులో పడుకోబెట్టాలి, నల్లనేలలో రెండు అంగుళాలు చాలు. ఇక్కడ లోతెక్కువైతే మొలక బయటికి రాకముందే కుళ్లుతుంది. సాయంత్రం పూట నాటి, ఒకసారి నిండా నీళ్లు పెట్టి, వరిగడ్డి గానీ వేరుశెనగ పొట్టు గానీ రెండంగుళాలు కప్పండి. మొలక కనిపించేదాకా నేల పైపొర ఆరితేనే మళ్లీ నీళ్లు. కాడల మీద మిగిలిన ఆకుల్ని సగానికి కత్తిరిస్తే నీటి ఖర్చు తగ్గుతుంది.

కాడలు కోసే విషయంలోనూ ఒకటే సూత్రం అన్నిటికీ చెల్లదు. హెలికోనియా కాడ ఒక్కసారే పూస్తుంది, పూలు వాడాక నేలకు తగిలేలా కోసేయాలి. పూయని కాడను అందం కోసం కోస్తే వచ్చే పూతను కోసుకున్నట్టే. మెట్టతామర కాడ ఒకటి రెండు గెలలు వేశాక పనైపోతుంది. అల్పీనియా మాత్రం ముందటేడు పెరిగిన కాడల మీద పూస్తుంది. ఏటా అన్నిటితోపాటు దాన్నీ నేలమట్టం చేసి, పూత రాదేమని అడిగేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. అరటి దగ్గర తల్లి, దాని వెనక ఒక కత్తి పిలక, అంతే ఉండాలి. సన్నటి ఆకులతో కత్తిలా లేచేది మంచి పిలక. చిన్నప్పటి నుంచే వెడల్పాటి ఆకులు విప్పేది నీటి పిలక, దానికి బలం తక్కువ, తీసేయాలి. పైపైన కోస్తే వారానికే మళ్లీ లేస్తుంది. నేలకు కోసి, నడిమి గుజ్జును గునపం మొనతో తవ్వి తీసేస్తేనే ఆగుతుంది.

పసుపు వెదురు గురించి విడిగా చెప్పాలి. పచ్చ చారలున్న ఆ వెదురు పరుగెత్తేది కాదు, దుబ్బు కట్టేదే. అయినా దాని బొంగులు నలభై అడుగులు దాటుతాయి, ఏటా దుబ్బు అంచు బయటికి జరుగుతుంది. ప్రహరీకి కనీసం పదడుగుల దూరం లేకుంటే దాని జోలికి వెళ్లవద్దు. వానాకాలంలో కొమ్ముల్లా కొత్త మొలకలు లేస్తాయి, రెండు మూడు నెలల్లోనే పూర్తి ఎత్తు అందుకుంటాయి, ఆ తర్వాత ఆ బొంగు ఇంక పొడుగు పెరగదు. కాబట్టి అదుపు అంతా ఆ కొద్ది వారాల్లోనే ఉంది. అక్కర్లేని వైపు లేచిన మొలక అడుగులోపు ఉండగా గునపంతో పక్కనుంచి ఒక్క పోటు వేస్తే మెత్తగా విరుగుతుంది. నెల ఆలస్యమైతే రంపం కావాలి. మూడేళ్లు దాటిన బొంగుల్ని ఏటా వానలు తగ్గాక తీసేయాలి. అవి మెరుపు తగ్గి, మచ్చలు పడి, తడితే గట్టిగా మోగుతాయి. కోసేటప్పుడు కణుపుకు ఆనుకుని పైన కోయాలి. కణుపుకు అరడుగు పైన కోస్తే మిగిలిన గొట్టంలో వాననీరు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. అక్టోబరుకు ముందు దుబ్బును పలచన చేస్తే గాలి లోపలి నుంచి వెళ్లిపోతుంది, తుఫానుకు మొత్తం వంగి కరెంటు తీగల మీద పడదు.

దుంప లేకుండా వేరునుంచి పిలకలు వేసేవి ఇంకో జాతి. రాధామనోహరం, ఆకాశమల్లె, మన కరివేపాకు. వీటి చుట్టూ పారతో గట్టిగా తవ్వితే తెగిన ప్రతి వేరూ ఒక మొలక వేస్తుంది. కరివేపాకు చెట్టు చుట్టూ అడవి లేచిందంటే చాలాసార్లు కారణం ఆ తవ్వకమే. పిలకను కత్తిరించకుండా, లేతగా ఉన్నప్పుడు, వాన పడిన మర్నాడు మొదలంటా పట్టి లాగేయాలి. కరివేపాకు పండ్లు నల్లగా మాగకముందే తుంచేస్తే పిట్టలు విత్తనాలు చల్లడం ఆగుతుంది, ఆకు కూడా ఎక్కువ వస్తుంది. మల్లె, సన్నజాజి కొమ్మలు నేలకు తగిలిన చోట వేళ్లు వేస్తాయి. వానలు పూర్తిగా వెనకబట్టాక, జనవరిలో కత్తిరింపు వేసినప్పుడు ఆ అంటుకున్న కొమ్మల్ని తెగ్గోసి విడి మొక్కగా నాటుకోవచ్చు.

రెండు మొక్కలను మాత్రం పెరట్లో అసలు నాటవద్దని చెబుతున్నాం. ఒకటి పసుపు పూల వెడీలియా. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో ఉన్నది ఇది. ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది, చిటికెన వేలంత ముక్క మిగిలినా తిరిగి పరుచుకుంటుంది. రెండోది ఊదారంగు పూల పొడుగు రుయెల్లియా. దాని కాయ ఎండి ఉన్నప్పుడు ఒక్క నీటిచుక్క పడితే టప్పున పగిలి విత్తనాలను దూరంగా విసురుతుంది. ఈశాన్య వానలు మొదలైన వారంలో ఒక మొక్క వంద మొలకలవుతుంది. ఇప్పటికే ఉంటే కాయలు ఎండకముందే కత్తిరించండి. చిల్లచెట్టును, అంటే సర్కారు తుమ్మను, పందొమ్మిదో శతాబ్దంలో వంటచెరకు కోసమని తెచ్చి నాటారు, ఇవాళ మా రెండు జిల్లాల్లో అది లేని చెరువుకట్ట కనిపించదు.

నాటినదాన్ని వదిలించుకోవాలన్నప్పుడు ఉప్పు, డీజిలు, పాత ఇంజను ఆయిలు పోస్తున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. తీరప్రాంతంలో బోరునీరే ఉప్పగా ఉంది, దానిమీద ఉప్పు పోస్తే ఆ చోట ఏళ్ల తరబడి ఏదీ మొలవదు. డీజిలు పోసిన మన్నుదీ అదే గతి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది, ఇంట్లో డబ్బా పట్టుకుని కొట్టే మందు కాదది. నిదానమైనా నమ్మకమైన దారి వేరే ఉంది. దుబ్బు తవ్వి, అడుగు లోతు మన్ను చేత్తో వెతికి ముక్కలు ఏరాలి. ఆపైన మొలిచిన ప్రతి పిలకనూ రెండో ఆకు విప్పకముందే కోస్తూ పోవాలి. ఆకు లేకపోతే దుంపకు తిండి చేరదు, మూడు నాలుగు నెలల్లో దాచుకున్న పిండి అయిపోయి చస్తుంది. ఒక్క నెల వదిలేస్తే మొదటికి వస్తుంది. పాత ఫ్లెక్సీలు రెండు పొరలుగా, వెలుగు దూరకుండా పరిచి అంచుల మీద రాళ్లు పెట్టి, ఏప్రిల్, మే నెలలంతా ఉంచితే పని ఇంకా తగ్గుతుంది.

తీసిన చెత్త ఎక్కడ వేస్తున్నారన్నది మా అన్నిటికన్నా పెద్ద బాధ. నెల్లూరులో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, ఒంగోలులో పోతురాజు కాలువ గట్ల మీద పారేసిన దుంపలు, తీగలు అక్కడే వేళ్లు వేస్తాయి. నీళ్లలో గుర్రపుడెక్క, గట్టున వెడీలియా కలిసి వాననీటి దారిని మూసేస్తాయి, ఆ నీరు తిరిగి వీధుల్లోకే వస్తుంది. దుంపల్ని మేడమీద సిమెంటు నేలపై పలచగా పరిచి, విరిస్తే పటుక్కున విరిగేదాకా, వేసవిలో రెండు వారాలు, ఎండబెట్టాలి. వానాకాలమైతే నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రెండు నెలలు ఉంచితే లోపల కుళ్లిపోతాయి. ఆ తర్వాతే కంపోస్టు గుంత. ఆకులు, కాడలు మాత్రం ముక్కలు చేసి నేరుగా మొక్కల కింద కప్పవచ్చు.

మీ పత్రికను కోరేది ఇది. పెరటి పేజీలో ఏ మొక్క గురించి రాసినా దాని పక్కన మూడు వివరాలు వేయండి: ఐదేళ్లకు ఎంత వెడల్పు, దుబ్బు కడుతుందా పరుగెత్తుతుందా, ఏ జిల్లాలో ఏ కార్తెలో విడదీయాలి. మా దగ్గర అమ్మే మొక్కల్లో చాలావరకు గోదావరి వైపు కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. అక్కడి ఒండ్రునేలకూ, నీటికీ అలవాటైన మొక్క ఇక్కడ ఎలా ఉంటుందో కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. మొక్క సంచికి కట్టే చీటీ మీద వెడల్పు కూడా రాయమని నర్సరీలవారికి మీరు చెబితే వింటారు. పురపాలక సంఘాలు తడిచెత్త, పొడిచెత్తతో పాటు తోట చెత్తను నెలకు రెండు రోజులైనా, ముఖ్యంగా సెప్టెంబరులోనూ జనవరిలోనూ, విడిగా తీసుకుంటే కాలువ గట్లకు పోయేది చాలామటుకు ఆగుతుంది. ఈ ఉత్తరంలో సగమైనా పుబ్బ కార్తెకు ముందు అచ్చువేస్తే ఈ ఏటి అదనుకు పనికొస్తుంది.

ఇట్లు,
పెరటి తోటల సాగుదారులం,
కావలి, నెల్లూరు జిల్లా